పి.డబ్ల్యు.డి.

లాకుల ఆఫీసు కంప్యూటరుకి
బొమ్మలన్నీ పోయాయి.
పిడుగుల రాత్రి తర్వాత మిగిలింది
నల్ల తెర, అందులో ఒక చిన్న గీత,
బతికే ఉన్నానన్నట్టు కొట్టుకుంటూ.

"ఎలకతో పనిలేదమ్మా సత్యవేణీ,
అక్షరాలతో అడుగు, పలుకుతుంది"
అన్నారు ఫోన్లో ఇంజనీరు గారు.
నెలకి పదమూడు వేల కాంట్రాక్టు ఉద్యోగం.
అడగడం నేర్చుకున్నాను.

మొదటి మాట మూడక్షరాలు: పి డబ్ల్యు డి.
నా భుజం మీంచి చూసి
లస్కరు ఆశీర్వాదం గారు పకపకా నవ్వారు.
"అదేటమ్మా, మా డిపార్టుమెంటు పేరు!
తూము రాతి మీద చెక్కుంటది సూడు,
నాచు పట్టేసి డి కనపడదిప్పుడు.
ఇంతకీ కొడితే ఏం సెప్తది?"
ఎక్కడున్నామో చెబుతుందండి.
"మాకూ అంతే. ఆ రాయి సూసే
ఎన్నో మైలో తెలుసుకునేవోళ్లం."

ఎంటర్ నొక్కాను.
ఏటవాలు గీత, పేరు, మళ్లీ ఏటవాలు గీత.
ఇంగ్లీషు రాని ఆయన వేలు పెట్టి చదివారు:
"ఇది బేరేజీ. ఇది పెద్ద కాలవ. ఇది మన లాకు.
ఇక్కణ్ణించి పిల్లకాలవ. ఇది బోదె.
బోదె చివర చేను. అదేనా నీ ఫైలు?"
అదేనండి.
కోచింగ్ సెంటర్లో రెండు నెలలు
ఫీజు కట్టి తెలుసుకోలేనిది అదే.

సి డి, రెండు చుక్కలు: ఒక లాకు ఎగువకి.
ఎల్ ఎస్: ఈ గట్టు మీద ఎవరెవరున్నారు?
వరసగా దిగారు.
సార్వా, దాళ్వా, కొత్త ఫోల్డరు, కొత్త ఫోల్డరు రెండు,
నా ముందు పనిచేసినతను మర్చిపోయిన
రొయ్యల చెరువు మేత లెక్క.

చెప్పిన పని చేస్తుంది, చేశానని చెప్పదు.
తప్పు పడితేనే నోరు విప్పుతుంది.
"మంచి లస్కరు" అన్నారాయన.

ఆర్ ఎమ్ సంగతి ఆ రోజే చెప్పాల్సింది.

ఆయన బయట గడకర్రతో
తలుపులకి అడ్డంపడ్డ గుర్రపుడెక్క నెడుతున్నారు.
పాతవి తీసేయమని పైనుంచి కబురు.
నక్షత్రం గుర్తుకి ముందు
ఒక ఖాళీ ఎక్కువ పడింది, అంతే.
పొద్దున ఆరు, సాయంత్రం ఆరు,
పన్నెండేళ్ల గేజీ అడుగులు.
ఎల్ ఎస్ కొట్టాను. మళ్లీ కొట్టాను.
కాలవ కట్టేసిన ఏప్రిల్లో కనీసం
బురదా, నత్తగుల్లలూ ఉంటాయి.

"వెనక్కి రప్పించలేవా?"
తలుపు ఎత్తాక నీళ్లొస్తాయా అండి.
"రావులే. ఈపాటికి అంతర్వేది దాటేసుంటాయి."
తిట్టలేదు. చేతులు కడుక్కొచ్చి
స్టూలు లాక్కుని కూచున్నారు.

టచ్ అని కొడితే ఖాళీ ఫైలు పుడుతుందండి, అన్నాను.
టచ్ అంటే?
ముట్టుకోవడం.
"ముట్టుకుంటే పుడతదా?"
కాసేపు తెరనే చూశారు.
"మా నాన్న ముట్టుకున్న గేజీ కర్ర
కడిగి తీసుకునేవోరమ్మా సూపర్వైజరు గారు."

వాన జోరందుకుంది.
"రాయి, ఒకటి నాకు గుర్తుంది.
పదకొండడుగుల మూడంగుళాలు.
మా పెద్దది పుట్టిన రాత్రి
గట్టు వదిలి ఎల్లలేక
గంటకోసారి లాంతరెట్టి సూసిన అంకె.
పెన్ను తడిసి పుస్తకంలో ఎక్కలేదు."

తారీకు?
గుర్తులేదన్నారు.
తారీకు లేని అంకె పైవాళ్లకి పనికిరాదని
ఇద్దరికీ తెలుసు.
టైపు చేశాను.
క్యాట్ కొడితే ఒక్క వరస పలికింది.

గోనెసంచి నెత్తిన కప్పుకుని లేచారు.
"ఇయ్యాల్టిదైనా సరిగ్గా రాద్దాం."
కిటికీలోంచి చూస్తున్నాను.
మెట్లు దిగి, గేజీ రాతి దగ్గర వంగి,
వానలో గట్టిగా అరిచారు:
"ఏడూ... ఒకటి తక్కువా!"

ఒకటి ఏంటండీ?
అడుగా, అంగుళమా?
అప్పటికే షట్టరు చక్రం వైపు పరిగెడుతున్నారు.
గీత కొట్టుకుంటోంది.